‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

మా పేటలో నర్సింగు చదువు పూర్తి చేసిన నలుగురు ఆడపిల్లలు మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చారు. ఒడిశా కొండల్లో ఒక మిషను ఆసుపత్రిలో ఉద్యోగాలు వచ్చాయట. అక్కడి భాష రాదు, తిండి తెలీదు, కొలుపులు వేరు. “మీరు దొరసానిగారి దగ్గర అన్నేళ్ళు పనిచేసేరు కదా అమ్మమ్మా, కొత్తచోట మనుషుల్తో ఎలా కలవాలో చెప్పండి” అని అడిగారు. కొబ్బరి లౌజు పెట్టి, తోచిన నాలుగు మాటలు చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక చాలా చెప్పలేదని అనిపించింది. ముఖ్యంగా నేను చేసిన తప్పు చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా జీతం ఎప్పుడు పెరిగింది, హెడ్ నర్సు ఎప్పుడయ్యాను అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరికీ ఏమీ రాదు.

మొదటి ఏడాది

రాజోలుకీ మామిడికుదురుకీ మధ్య, కాలవగట్టు మీద మా ఆసుపత్రి ఉండేది. పెంకుటిల్లు, పది మంచాలు, ఒక చిన్న ఆపరేషను గది. డెబ్బైల మొదట్లో నేను అక్కడ చేరిన కొద్ది నెలలకే ఎల్సా అనే డాక్టరు వచ్చారు. చలిదేశపు మనిషి. నలభై ఏళ్ళుంటాయి, గుమ్మంలో తల వంచి రావాల్సినంత పొడుగు. ఊరు ఆవిణ్ణి ఎల్సమ్మగారని పిలిచింది.

వచ్చేముందు ఏడాదిపాటు ఎక్కడో పట్నంలో పుస్తకం పెట్టుకుని తెలుగు నేర్చుకున్నారు. మొదటి వారంలోనే జ్వరంతో వచ్చిన ఒక ముసలమ్మని “తమరు ఏ కారణమున విచ్చేసితిరి?” అని అడిగారు. ఆ ముసలమ్మ నా వైపు తిరిగి, “ఆవిడేదో పద్యం చదువుతున్నారండి. ముందు నా జొరం సంగతి చూడమనండి” అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎల్సమ్మగారికి అర్థం కాకపోయినా తనూ నవ్వేశారు. తనమీద తను నవ్వుకోగలగడం ఆవిడలో నేను చూసిన మొదటి మంచి గుణం.

భాష కన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. “మూడుపూటలా ఈ మాత్రలు వేసుకోండి” అంటే రోగులు “ఆయ్” అనేవారు. “వచ్చే మంగళవారం తప్పకుండా రండి” అన్నా “ఆయ్” అనే. ఎల్సమ్మగారు పుస్తకంలో పేరు రాసుకుని మంగళవారం ఎదురుచూసేవారు. ఒక్కరూ వచ్చేవారు కాదు.

“సుగుణా, వీళ్ళు అబద్ధాలు చెబుతారా?” అని ఒకరోజు అడిగారు.

నాకు కోపం వచ్చింది. “అబద్ధం కాదండీ. మీ మాట మా చెవిన పడిందని చెప్పడం అది. పెద్దమనిషికి మొహం మీద కాదని చెప్పడం మాకు చేతకాదు. వస్తానని ఎవరన్నారు?” అన్నాను.

ఆవిడ చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నారు. రాసుకోవడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఆ తేడాకి మేం తర్వాత చాలా బాధపడ్డాం.

నా తప్పు

ఆసుపత్రికి మైలు దూరంలో ఒక అగ్రహారం. అక్కడ వేదపాఠం చెప్పే ఒక ఘనపాఠిగారు ఉండేవారు. ఆయన భార్య కామేశ్వరమ్మగారు. మా నాన్న వాళ్ళ పొలంలో పాలేరు. మా అమ్మ రూతమ్మ వాళ్ళ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. ఆ ఇంటికి వెళితే పెరటిదారిన వెళ్ళి అరటిచెట్ల దగ్గర నిలబడాలి. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ అక్కడ నిలబడ్డాను.

రెండో ఏడాది ఒక ఉదయం రిక్షాలో కామేశ్వరమ్మగారు కోడలు లలితని తీసుకుని మా ఆసుపత్రికి వచ్చారు. లలితకి ఇరవై రెండేళ్ళు. ఇద్దరు బిడ్డలు కాన్పులోనే పోయారు. ఇప్పుడు మూడోసారి, అయిదో నెల. ఆ వీధి నుంచి మా గుమ్మం ఎక్కిన మొదటి మనుషులు వాళ్ళే.

ఎల్సమ్మగారు జాగ్రత్తగా పరీక్ష చేశారు. కటి ఇరుకుగా ఉంది, నెలలు నిండేనాటికి ఇక్కడే ఉండాలి, ఆపరేషను చెయ్యాల్సి రావచ్చు అని చెప్పారు. నేను అంతా మన మాటల్లో వివరించాను. చివర్లో ఆవిడ, “ఈ అమ్మాయి కోసం ప్రార్థన చెయ్యవచ్చునా?” అని అత్తగారిని అడిగారు.

కామేశ్వరమ్మగారు తల వంచుకుని “ఆయ్” అన్నారు.

ఆ ఆయ్ ఎలాంటిదో నాకు తెలుసు. గొంతు తెలుసు, వంగిన తల తెలుసు. ఒక్క మాట చెబితే ఎల్సమ్మగారు ఆగేవారు. నేను చెప్పలేదు. ఆవిడ లలిత తల మీద చెయ్యి పెట్టి, యేసు నామంలో పైకే ప్రార్థన చేశారు. లలిత కళ్ళు తెరుచుకునే పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత వాళ్ళు రాలేదు. నెలలు నిండాక నొప్పులు వస్తే ఊళ్ళో మంత్రసాని నాగరత్నాన్ని పిలిచారు. ఆవిడ చెయ్యి వేసి చూసి, “ఇది నా వల్ల కాదండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి” అందట. ఏ ఆసుపత్రికి అన్న దగ్గర ఇంట్లో మాటామాటా పెరిగి సగం రోజు పోయింది. ఆఖరికి అమలాపురం బయల్దేరారు. దార్లోనే కాన్పు అయింది. బిడ్డ బతకలేదు.

మర్నాడు ఈ సంగతి నాగరత్నమే వచ్చి మాకు చెప్పింది. ఎల్సమ్మగారు చేతిలో ఉన్న గాజుసీసా బల్ల మీద పెట్టి, చాలాసేపు దాని మూత తిప్పుతూ కూర్చున్నారు.

అరుగు మీద

ఆవిడ వెంటనే ఆ ఇంటికి వెళ్తానన్నారు. వద్దన్నాను. పదిరోజులు పోనిచ్చి ఇద్దరం నడిచి వెళ్ళాం. చెప్పులు వీధిలోనే విడిచి, అరుగు చివర కూర్చోమంటే కూర్చున్నాం. చెప్పదల్చుకున్న మాటలన్నీ ఎల్సమ్మగారు తెలుగులో రాసుకుని బట్టీ పట్టారు. తీరా కామేశ్వరమ్మగారు ఎదురుగా వచ్చేసరికి అన్నీ మర్చిపోయి, “నా మాట నేనే విన్నాను. మీ మాట వినలేదు. క్షమించండి” అని మాత్రం అన్నారు.

కామేశ్వరమ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడే చెప్పారు. “మీరు అడిగేరు. నేను ఆయ్ అన్నాను. తర్వాత వీధిలో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. మావారు ఇంకక్కడికి వద్దన్నారు. అందులో మీ తప్పెంతో మా తప్పెంతో నేను చెప్పలేనండి. కానీ ఒక్క మాట. మీరు నన్ను అడిగేరు. మంచం మీదున్నది లలిత. దాన్ని మీరూ అడగలేదు, నేనూ అడగలేదు.”

తలుపు వెనక లలిత నిలబడి ఉంది. చీర అంచు, కాలి వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఎల్సమ్మగారు ఆమెని పిలవలేదు. ఆ వైపు తిరిగి చేతులు జోడించి లేచారు.

తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. “ప్రార్థనకి ఆవిడ ఒప్పుకోలేదని నాకు అప్పుడే తెలుసండీ.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“మా నాన్న ఆ ఇంటి పెరట్లో చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ ఇంటి కోడలు మా మంచం మీద పడుకుని, మా ప్రార్థన వింటోంది అనుకుంటే నాకు గర్వంగా అనిపించింది. అందుకని ఊరుకున్నాను.”

ఆవిడ తిడతారనుకున్నాను. చాలా దూరం నడిచారు. తర్వాత, “నాకూ గర్వంగానే అనిపించింది సుగుణా” అన్నారు. మళ్ళీ కాసేపటికి, “నువ్వు నాతో వద్దు అని చెప్పగలగాలి. నీకు ఆ ధైర్యం రాకపోతే లోపం నాది” అన్నారు.

అమ్మాయిలూ, మీ ఆసుపత్రిలో మీకన్నా పైవాళ్ళు ఇలా అనకపోవచ్చు. అయినా మీరు చెప్పండి. నేను ఊరుకున్నందుకు ఎంత జరిగిందో చూశారు కదా.

స్పిరిటు అయిపోయింది

రోగుల ఎదుట డాక్టరుగారికి అడ్డం చెప్పడం బాగోదు. అందుకని మా ఇద్దరికీ ఒక గుర్తు పెట్టుకున్నాం. ఆవిడ ఎవరితోనైనా హద్దు దాటుతున్నారనిపిస్తే నేను “డాక్టరుగారూ, స్పిరిటు అయిపోయిందండీ” అనాలి. ఆవిడ వెంటనే ఆగిపోవాలి.

మొదటి ఆరునెలల్లో స్పిరిటు రోజుకి మూడుసార్లు అయిపోయేది. రోగి వెంట పదిమంది చుట్టాలొస్తే అందర్నీ బయటికి పొమ్మని కేకలేసేవారు, స్పిరిటు అయిపోయేది. కోడలి జబ్బు సంగతి మావగారి ఎదుటే అడగబోయేవారు, అయిపోయేది. ఒకామె గంపెడు ములక్కాడలు తెస్తే “మేము కానుకలు పుచ్చుకోము” అన్నారు. నేను స్పిరిటు సంగతి ఎత్తేలోపే ఆమె గంప నెత్తినెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. “మీరు ఎప్పుడూ ఇస్తూ కూర్చుంటే వాళ్ళు మీ ముందు తలెత్తుకుని ఎలా నిలబడతారండీ?” అని ఆ సాయంత్రం అడిగాను. అప్పటినుంచి పనసపొట్టు, ముంజెలు, గుమ్మడికాయలు ఏది తెచ్చినా రెండు చేతులా పుచ్చుకునేవారు. ఎలా వండాలో వాళ్ళనే అడిగేవారు. తెచ్చినామె వంట చెప్పడానికి అరగంట కూర్చునేది. ఆ అరగంటలో ఇంటి సంగతులన్నీ బయటికొచ్చేవి. ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారో, ఎవరికి నెల తప్పిందో మాకు అలాగే తెలిసేది.

ఒకసారి అంబాజీపేట నుంచి ఒక కొబ్బరి వ్యాపారి తన భార్యని చూపించడానికి వచ్చి నాలుగు రోజులున్నాడు. వెళ్ళేటప్పుడు రెండు పెద్ద సీసాల స్పిరిటు తెచ్చి బల్ల మీద పెట్టాడు. “పాపం మీ ఆసుపత్రిలో ఇది అస్తమానూ అయిపోతోందండి. మరేమీ అనుకోకండి” అన్నాడు. ఎల్సమ్మగారు గదిలోకి వెళ్ళి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

నాగరత్నం కుర్చీ

బిడ్డ పోయిన కబురు తెచ్చిన రోజు నాగరత్నం మరో మాట కూడా అంది. “బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని చెయ్యి వెయ్యగానే తెలిసిపోయిందండి.” ఎల్సమ్మగారు ఆ మాట మర్చిపోలేదు. ఆవిణ్ణి కబురుచేసి పిలిపించి, “మీ చేతికి ఎలా తెలుస్తుందో నాకు నేర్పండి” అని అడిగారు. నాగరత్నానికి అరవై ఏళ్ళు. ఆ చుట్టుపక్కల సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారు. పట్నం డాక్టర్లు ఆవిణ్ణి తిట్టడమే తప్ప ఏమన్నా అడిగినవాళ్ళు లేరు.

ప్రతి బుధవారం ఆవిడ వచ్చేది. గర్భిణులని ఇద్దరూ కలిసి చూసేవారు. ఎల్సమ్మగారు ఆవిడ కోసం ఒక కుర్చీ వేయించారు. ఆవిడ కూర్చోలేదు, నేల మీదే చతికిలబడింది. అయితే నేనూ నేల మీదే అని ఎల్సమ్మగారు పక్కన కూలబడ్డారు. అంత పొడుగు మనిషి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఏడాది ఇలా గడిచాక ఒక బుధవారం నాగరత్నం తనంతట తనే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. “ఆవిడ మోకాళ్ళు చూళ్ళేక ఎక్కేనండి, నాకేం సరదా కాదు” అంది నాతో.

ఆ నెలలోనే మిషను ఆఫీసు నుంచి ఒక పెద్దాయన జీపులో తనిఖీకి వచ్చారు. చేతిలో అచ్చుకాగితం. ఎంతమంది కొత్తగా విశ్వాసంలోకి వచ్చారని అడిగారు.

ఎల్సమ్మగారు ఆలోచించి, “ఈ ఏడాది నాగరత్నంగారు కుర్చీలో కూర్చున్నారు” అన్నారు.

ఆయన గడిలో సున్నా వేసుకుని వెళ్ళిపోయారు.

ఆయన చెడ్డవారు కారు. ఆయన్ని పంపినవాళ్ళకి ఆయన జవాబు చెప్పుకోవాలి. నేనూ విశ్వాసినే, నా విశ్వాసం ఎవరిముందూ దాచలేదు. ఎల్సమ్మగారూ అంతే. ఎవరైనా “మీరు ఇంతదూరం ఎందుకొచ్చేరండీ?” అని అడిగితే కూర్చోబెట్టి గంటసేపు చెప్పేవారు. అడిగినవాళ్ళకి చెప్పడం వేరు, మంచం మీద కదల్లేకుండా ఉన్నవాళ్ళకి చెప్పడం వేరు. ఈ తేడా తెలీనివాళ్ళు ఎంత చదివినా మన పనికి పనికిరారని నా అభిప్రాయం.

లలిత

మూడేళ్ళ తర్వాత లలితకి మళ్ళీ నెల తప్పింది. నాగరత్నం ఆ ఇంటికి వెళ్ళి ఏం చెప్పిందో తెలీదు. ఏడో నెలలో కామేశ్వరమ్మగారు ఒక్కరే నడిచి వచ్చారు. “ఘనపాఠిగారు సరేనన్నారు. కానీ మా కుంపటి మేం తెచ్చుకుంటాం. లలితకి వంట నేనే చేస్తాను. నేను మడి కట్టుకున్నప్పుడు ఆ గదిలోకి ఎవరూ రాకూడదు” అన్నారు.

“నేను ఎప్పుడు రావచ్చో మీరే చెప్పండి” అని ఎల్సమ్మగారు తన వంటగది ఖాళీ చేసి ఇస్తానన్నారు.

నాకు ఒళ్ళు మండింది. “మనం తాకితే మైల అనుకునేవాళ్ళకి మన వంటిల్లు ఇవ్వాలా?” అని అడిగేశాను.

“వాళ్ళు అనుకునేది తప్పే. ఆ తప్పుకి దెబ్బ తిన్నది నువ్వు, నేను కాదు. నువ్వు ఇవ్వొద్దంటే ఇవ్వను” అన్నారు.

ఆ రోజంతా పనిలో పడి తిరిగాను. చివరికి ఆనాడు తలుపు వెనక కనిపించిన లలిత కాలి వేళ్ళు గుర్తొచ్చి సరేనన్నాను. ఈ రోజుకీ పూర్తిగా సమాధానపడ్డానని చెప్పలేను. మీరు వెళ్ళే చోట ఇలాంటివి వస్తాయి. మీ మనసుకి దెబ్బ తగిలితే తగిలిందని చెప్పండి. సంతోషంగా భరిస్తున్నట్టు నటించకండి.

ఆపరేషను రోజు ఉదయం లలిత బల్ల మీద పడుకుని వణుకుతోంది. ఎల్సమ్మగారు భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. గుమ్మం అవతలినుంచి కామేశ్వరమ్మగారే అడిగారు, “ఇవాళ ప్రార్థన చెయ్యరాండీ?”

“లలితగారిని అడగాలి” అన్నారు ఎల్సమ్మగారు.

లలిత కళ్ళు మూసుకునే చెప్పింది. “మనసులో చేసుకోండి. చెయ్యి మాత్రం తియ్యకండి.”

“నా చేతులు కడుక్కోవాలమ్మా, పనికి అవి కావాలి. సుగుణ ఉంటుంది.”

రెండో నర్సు డాక్టరుగారికి సాయం నిలబడింది. నేను తల దగ్గర కూర్చున్నాను. నడుముకి మత్తుసూది ఇచ్చారు కాబట్టి లలిత మెలకువగానే ఉంది. పాలేరు కూతుర్ని నేనని ఆమెకి తెలుసు. నా వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. బిడ్డ ఏడుపు వినేదాకా వదల్లేదు.

ఆడపిల్ల. తుడిచి, గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళ్ళాను. కామేశ్వరమ్మగారు తడిబట్టతో నిలబడి ఉన్నారు. పక్కనున్న బల్ల మీద పడుకోబెట్టబోతుంటే రెండు చేతులూ చాపేశారు.

“మడి పోతుందండీ” అన్నాను.

“పోతే మళ్ళీ కట్టుకుంటానే. ముందు ఇలా ఇయ్యి” అని నా చేతుల్లోంచి అందుకున్నారు.

ఆవిడ వెళ్ళాక

ఎనభైల మొదట్లో ఎల్సమ్మగారికి ఇక్కడ ఉండే అనుమతి మళ్ళీ దొరకలేదు. రెండు పెట్టెలతో వచ్చిన మనిషి ఒక పెట్టెతో వెళ్ళారు. రాజోలు బస్సు దగ్గరికి వందమంది దాకా వచ్చారు. నాగరత్నం ఆవిడ మోకాళ్ళకి రాసుకోమని నూనె ఇచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులా పుచ్చుకుని, ఎలా రాసుకోవాలని అడిగారు. బస్సు కదలబోయేదాకా నాగరత్నం చెబుతూనే ఉంది.

విదేశీ డాక్టరు వెళ్ళిపోయాక ఊరు మాకు దూరమవుతుందని అందరూ అనుకున్నారు. అలా జరగలేదు. వారానికి రెండుసార్లు వేరే డాక్టరు వచ్చేవారు, మిగతా రోజులు నేను చూసుకునేదాన్ని.

కొన్నేళ్ళకి మా అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఒకరోజు మధ్యాహ్నం నేను అమ్మకి జావ తాగిస్తున్నాను. మా పేటలో ఉన్నట్టుండి సందడి ఆగిపోయినట్టయింది. చూస్తే కామేశ్వరమ్మగారు, మనవరాలి చెయ్యి పట్టుకుని, మా ఇల్లెక్కడని అడుగుతూ వస్తున్నారు. ఆ ఇంటి మనిషి మా పేటలో అడుగు పెట్టడం నా ఎరుకలో అదే మొదలు.

అమ్మ ఆవిణ్ణి చూసి, పనిచేసే ఒక్క చేత్తోనే లేవబోయింది. కామేశ్వరమ్మగారు గబగబా వచ్చి భుజం పట్టుకుని పడుకోబెట్టారు. “పడుకోవే రూతమ్మా. ఇప్పుడు కూడా లేస్తావేంటే?” అని మంచం మీదే, అమ్మ పక్కన కూర్చున్నారు.

గంటసేపున్నారు. ఊడ్పుల్లో ఎవరు బాగా పాడేవారో, ఏ ఏడు గోదారి పొంగి చేలు మునిగాయో ఇద్దరూ చెప్పుకున్నారు. అమ్మ మాట ముద్దగా వచ్చేది, నాకే సగం అర్థమయ్యేది కాదు. ఆవిడ మాత్రం అన్నిటికీ జవాబు చెప్పారు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ చాలాసేపు గుమ్మం వైపే చూసింది. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, మెల్లిగా కూడబలుక్కుని అడిగింది.

“ఆవిడ కూచున్న వైపు దుప్పటికి చిరుగుందేమోనే. చూసేవా?”

వంగి చూశాను. నా బెత్తెడంత చిరుగు ఉంది.

“లేదమ్మా. శుభ్రంగా ఉంది” అన్నాను.